నిండుగా, వేడిగా, కదలకుండా: కడపలో ఒక ఆటో బ్యాటరీ కేసు

మే రెండో వారం, మధ్యాహ్నం మూడున్నర. వెనక అద్దం మీద "అమ్మ ఆశీస్సులు" అని రాసున్న ఎలక్ట్రిక్ ఆటోను ముగ్గురు తోసుకుంటూ మా షాపు ముందుకు తెచ్చారు. డ్రైవరు చెమట కూడా తుడుచుకోకుండా, "అన్నా, మీటర్లో ఇంకా ఇరవై అయిదు శాతం ఉండాది సూడు. బండి మాత్రం ఆగిపోయింది. ఈ వారంలో ఇది మూడోసారి" అన్నాడు. వంగి చూశాను. సరిగ్గా చెప్పాలంటే 24. ఆ అంకెను నేను ఆ రోజు పట్టించుకోలేదు. జబ్బు పేరు ఆ మీటరు మీదే రాసి ఉందని మూడు రోజుల తర్వాత గానీ తెలియలేదు.

నేను కడపలో బ్యాటరీల పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఎక్కువ కాలం ఇన్వర్టర్లు, లారీల లెడ్ యాసిడ్ బ్యాటరీలే చూశాను. లిథియం చేతికొచ్చి ఆరేళ్లు. ఈ కేసులో రోగి ఒక్కటే అయినా పోల్చుకోవడానికి ఇంకో రెండు బండ్లు దొరికాయి. మన పనిలో అది చాలా అరుదు. అందుకే కొలతలతో సహా రాసి పెడుతున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాచను.

బండ్లు మూడూ ఒకే వారంలో, ఒకే డీలరు దగ్గర కొన్నవి. డ్రైవర్లు ముగ్గురూ ఒకే వీధి వాళ్లు. రెండో ఆటో వెనక "786" అని ఉంటుంది, మూడో దాని మీద "గండి ఆంజనేయ". మూడింటిలోనూ ఒకే మోడల్ ప్యాక్: లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే మనం ఎల్‌ఎఫ్‌పీ అనేది. 3.2 వోల్టుల సెల్స్ 16 వరుసగా (సిరీస్‌లో) కలిపి 51.2 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ప్యాక్‌లో పట్టే ఛార్జి కొలత). లెక్కకు 5 యూనిట్ల పైచిలుకు కరెంటు పడుతుంది. కొత్తలో ముగ్గురికీ ఒక ఛార్జికి 85 నుంచి 90 కిలోమీటర్లు వచ్చేది. ఈ కేసు నాటికి బండ్ల వయసు 26 నెలలు. వారంటీ రెండేళ్లే కాబట్టి విప్పడానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు.

మొదట నేను బీఎంఎస్‌నే, అంటే సెల్స్‌ను కాపలా కాస్తూ ఛార్జి లెక్క చూసే బోర్డునే అనుమానించాను. మీటరు 24 చూపిస్తూ బండి ఆగిందంటే లెక్క తప్పిందనే ఎవరైనా అనుకుంటారు. ఒకసారి పూర్తిగా నింపి, పూర్తిగా దించి, మళ్లీ నింపాను. మార్పు లేదు. ఛార్జరు మార్చి చూశాను, అదీ కాదు. మెయిన్ కనెక్టరు, కాంటాక్టరు, బస్‌బార్ నట్లు అన్నీ బిగువుగానే ఉన్నాయి. అలా రెండు రోజులు పోయాయి. మూడో రాత్రి షాపులో కూలర్ పెట్టి, గది 30 డిగ్రీల దగ్గర నిలిచాక, ప్యాక్‌ను లోడ్ టెస్టర్‌కు తగిలించి 20 ఆంపియర్లతో దించడం మొదలుపెట్టాను. ఫుల్ నుంచి కటాఫ్ దాకా, అంటే బీఎంఎస్ తనంతట ఆపేసేదాకా, వచ్చింది 76 ఏహెచ్.

వందలోంచి 76 తీసేస్తే 24. మీటరు అబద్ధం చెప్పలేదు. బయటికి పోయిన ఆంపియర్లను అది నిజాయితీగానే లెక్కపెట్టింది. ట్యాంకు చిన్నదైపోయిందని మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇంకా 100 ఏహెచ్ ప్యాక్ అనుకునే తీసివేతలు చేస్తోంది. ఇలాంటి కంప్లయింటు వస్తే ముందు ఆ మిగులు శాతం ఎంతో రాసుకోండి. చాలాసార్లు ప్యాక్ ఎంత కరిగిందో అదే చెప్పేస్తుంది.

ఇన్నాళ్లూ డ్రైవరుకు తెలియకపోవడానికి కారణం అతని దినచర్య. పొద్దున ఆరింటికి బయల్దేరి ఏడు రోడ్ల కూడలి, బస్టాండు, రిమ్స్ మధ్య తిరిగి ఒంటిగంటన్నరకు అన్నానికి ఇంటికొచ్చేవాడు, వస్తూనే ప్లగ్ పెట్టేవాడు. ఒక్క గుక్కలో 76 వాడే అవసరం ఎప్పుడూ రాలేదు. మే నెల పెళ్లిళ్ల కిరాయిలు దొరికి మధ్యాహ్నం ఇంటికి పోకపోయేసరికి బండారం బయటపడింది.

మర్నాడు మిగతా రెండు బండ్లను పిలిపించి ఇదే టెస్టు, ఇదే గదిలో, ఇదే కరెంటుతో చేశాను. "786"కు 91 ఏహెచ్ వచ్చింది. "గండి ఆంజనేయ"కు 86. తిరిగిన దూరం చూస్తే "అమ్మ ఆశీస్సులు" 40 వేలు, "గండి ఆంజనేయ" 42 వేలు, "786" 44 వేల కిలోమీటర్లు. అందరికంటే తక్కువ తిరిగిన బండి అందరికంటే ఎక్కువ ముసలిదైంది! 40 వేల కిలోమీటర్లంటే నిండు సైకిళ్లు (ఒకసారి పూర్తిగా నింపి దించితే ఒక సైకిల్) ఐదొందలు దాటవు. ప్యాక్ కాగితం మీద 2,000 సైకిళ్లని రాసుంది. దాని కింద చిన్న అక్షరాల్లో 25 డిగ్రీలు అనీ ఉంది. కడపలో 25 డిగ్రీలు ఎప్పుడుంటాయో, పాలకొండల మధ్య ఈ గుంటలో మే నెలలో 43, 44 చూసే మనకు తెలియనిదా.

ఇక విప్పాను. మూత తీయగానే మధ్య సెల్స్ పొట్టలు కనిపించాయి. వెర్నియర్‌తో కొలిస్తే ఎనిమిదో సెల్ అంచు దగ్గరకన్నా నడుము దగ్గర 2 మిల్లీమీటర్లు ఎక్కువ లావు. ఒకటో సెల్‌కు అర మిల్లీమీటరే. సెల్ సెల్‌కూ విడిగా కెపాసిటీ తీశాను. దానికి నాలుగు రాత్రులు పట్టింది. రెండు చివర్ల సెల్స్ 86, 85 ఏహెచ్. నాలుగోది, పదమూడోది 82 దగ్గర. ఏడు నుంచి పది దాకా 77, 76, 76, 78. మీటరుతో ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే సెల్ లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డు, చూస్తే చివర్లలో 0.42 మిల్లీ ఓమ్, మధ్యలో 0.68. సిరీస్‌లో బలహీనమైన సెల్ ఎక్కడ ఆగితే ప్యాక్ అక్కడ ఆగుతుంది. చివరి సెల్‌లో ఇంకా 10 ఏహెచ్ ఉన్నా వాడుకోలేం.

సెల్స్ తయారీలోనే తేడా ఉంటే ఎక్కడపడితే అక్కడ బలహీనంగా ఉండాలి. ఇక్కడ మధ్యలో తక్కువ, చివర్లకు పోయేకొద్దీ ఎక్కువ, రెండు పక్కలా ఒకేలా. ఇది వేడి రాసిన రాత. మధ్య సెల్స్‌కు రెండు పక్కలా వేడి సెల్సే. చలువకు దారి లేదు.

అయితే ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చింది? ప్యాక్ మూసేముందు ఒకటో సెల్ మీద ఒక ప్రోబు, ఎనిమిదో సెల్ మీద ఒకటి, పెట్టె మీద ఒకటి అతికించి, వైర్లు కేబుల్ సందులోంచి బయటికి తీసి, వేడిని గంటగంటకూ రాసిపెట్టే చిన్న డేటా లాగరుకు కలిపాను. నాలుగో ప్రోబు షెడ్డు గాలికి. ఎప్పటిలాగే బండి నడుపుకోమని చెప్పి తొమ్మిది రోజులు వదిలేశాను. "786" డ్రైవరు మాత్రం, "బాగున్న దాన్ని విప్పడం ఎందుకు భాయ్" అని ఒప్పుకోలేదు. నిజమే. అతని ప్యాక్‌కు పెట్టె మీదే ప్రోబు అతికించాను.

లాగరు పెట్టడానికి "అమ్మ ఆశీస్సులు" ఇంటికి పోయినప్పుడు షెడ్డు చూశాను. మూడు పక్కలా ఇటుక గోడ, పైన కొత్త జీఐ రేకు, ముందు ఇనుప గేటు. మధ్యాహ్నం రెండింటికి లోపల నిలబడితే తల మీద పెనం బోర్లించినట్టుంది. టెంపరేచర్ గన్ రేకుకు గురిపెడితే 41 చూపించింది. షెడ్డు గాలే 47 ఉంటే రేకు 41 ఎట్లా ఉంటుంది? మెరిసే రేకు తన వేడిని సరిగా బయటికి పంపదు. కింద నేల నుంచి వచ్చే వేడిని అద్దంలా తిప్పి చూపిస్తుంది. గన్ చదివింది కింద పరిచిన కడప బండలను, రేకును కాదు. స్టూలెక్కి, నల్ల ఇన్సులేషన్ టేపు రెండు వేళ్ల మేర రేకుకు అతికించి, ఐదు నిమిషాలాగి ఆ టేపు మీద కొట్టాను. 63. ప్యాక్‌ల స్టీలు పెట్టెల మీద, అల్యూమినియం సెల్స్ మీద కూడా ఇదే మోసం జరుగుతుంది. గన్ వాడే వాళ్ల జేబులో నల్ల టేపు ఉండాలి.

తొమ్మిది రోజుల లాగ్ దాదాపు ఒకే గీత. ఒంటిగంటన్నరకు బండి షెడ్డులోకి వచ్చేటప్పుడు మధ్య సెల్ 43. ప్లగ్ పెట్టాక నాలుగున్నరకు 51, ఒక రోజు 52. అదే సమయానికి చివరి సెల్ 47. సాయంత్రం తిరిగి వచ్చి రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ ప్లగ్ పెట్టేటప్పుడు మధ్యలో 47. పదకొండులోపే ఫుల్. తెల్లారి ఆరింటికి 39. ఆ తొమ్మిది రోజుల్లో ఎనిమిదో సెల్ 38 కిందికి ఒక్క గంట కూడా దిగలేదు.

చాలామంది ఛార్జింగే వేడి పుట్టిస్తుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క వేస్తే, 20 ఆంపియర్ల ఛార్జింగ్‌లో ఈ సైజు ప్యాక్ లోపల పుట్టే వేడి పది, పదిహేను వాట్లకు మించదు. మూడు గంటలు పెట్టినా, 45 కిలోల ముద్దను అది రెండు మూడు డిగ్రీలు పెంచుతుంది. మిగతాదంతా షెడ్డు పెట్టిన వేడి. ఆ 45 కిలోలే రాత్రి శాపమైంది. ఎండకు కాగిన మిద్దె రాత్రి పదింటికి కూడా వీపు కాల్చినట్టు, ప్యాక్ చల్లబడటానికి రాత్రంతా చాలలేదు. పైన పడుకున్న మనిషి మంచం మార్చుకుంటాడు, మధ్య సెల్ ఎక్కడికి పోతుంది.

బీఎంఎస్ ఎందుకు ఆపలేదు అంటే, ఆపాల్సిన అవసరం దానికి కనిపించలేదు. దాని సెన్సర్లు రెండు: ఒకటి బోర్డు మీద, రెండోది పదహారో సెల్ పక్కన. ఛార్జింగ్ కటాఫ్ 55 దగ్గర పెట్టి ఉంది. అది ఎప్పుడూ 47 మించి చూడలేదు. ఒకవేళ మధ్యలో సెన్సరున్నా 52కు ఆపేది కాదు. కటాఫ్ ఉండేది ప్రమాదం జరగకుండా, ముసలితనం రాకుండా కాదు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించే అలవాటు మనలో చాలామందికి ఉంది. "బీఎంఎస్ ఉంది కదా, వేడెక్కితే అదే ఆపుతుంది" అనే మాట షాపులో నేనే ఎన్నిసార్లు చెప్పానో.

లోపల జరిగేది ఏమిటో డ్రైవరుకు ఎట్లా చెప్పాలా అని ఆలోచించి, పాలు చూపించాను. పాలు కాగి ఆరేటప్పుడు పైన మీగడ కడుతుంది. మీగడ మందమయ్యేకొద్దీ కింద పాలలో వెన్న తగ్గుతుంది. బ్యాటరీలో గ్రాఫైట్ వైపు, అంటే ఛార్జి ఎక్కేటప్పుడు లిథియం వచ్చి చేరే వైపు కూడా మొదటి ఛార్జింగ్ నుంచే ఒక పొర కడుతుంది. అది కొంత అవసరం, లేకపోతే ఎలక్ట్రోలైట్ (సెల్ లోపలి ద్రవం) మొత్తం గ్రాఫైట్ మీద పడి పాడైపోతుంది. కానీ ఆ పొర పెరిగేకొద్దీ ఛార్జి మోసే లిథియంలో కొంత అందులోనే చిక్కుకుపోతుంది, తిరిగి రాదు. ట్యాంకు చిన్నదవడం అంటే ఇదే. పొర మందమైతే రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం ఉప్పు కూడా వేడికి విరుగుతుంది. ఏ మూలో తడి ఆవగింజంత మిగిలున్నా దానితో కలిసి ఆమ్లం పుట్టి మిగతావాటిని తింటుంది. గ్యాసు పుట్టి సెల్ పొట్ట పెరగడం వెనక కూడా ఇలాంటి రసాయనాలే.

ఇవన్నీ రసాయన క్రియలు కాబట్టి వేడికి వేగం పుంజుకుంటాయి. మోటు లెక్క: ప్రతి 10 డిగ్రీలకు వేగం రెట్టింపు. 25 నుంచి 50కి పోతే దాదాపు ఐదున్నర రెట్లు. రోజుకు ఆరు గంటలు 50 దగ్గర ఉంటే ఆ ఆరు గంటలే 25 డిగ్రీల లెక్కలో 34 గంటల వయసు. అంటే రోజు తెల్లారేలోపు బ్యాటరీకి రోజున్నర వయసు మీద పడింది, మిగతా పద్దెనిమిది గంటలు ఇంకా లెక్కలోకే రాలేదు. సెల్ సెల్‌కూ ఈ రెట్టింపు లెక్క కొంచెం అటూ ఇటూ మారుతుంది, కాబట్టి దీంతో తేదీలు చెప్పకూడదు. కానీ సగటు టెంపరేచర్ చూసి ధైర్యపడటం ఎంత తప్పో ఇది చూపిస్తుంది. ఏడాది సగటు 29, 30 ఉండొచ్చు. బ్యాటరీని తినేది ఆ 50 డిగ్రీల గంటలు.

ఇందులో ఇంకో తిరకాసుంది. వేడిగా ఉన్నప్పుడు బ్యాటరీ హుషారుగా ఉంటుంది. రెసిస్టెన్స్ తగ్గుతుంది, లాగుడు బాగుంటుంది. "ఎండాకాలం బండి బాగా పోతాందన్నా" అని డ్రైవరే చెప్పాడు. జ్వరమొచ్చిన పిల్లోడు ఎగిరెగిరి ఆడుకున్నట్టు. నొప్పి తెలిసేది తర్వాత.

వేడి సంగతి ఇది. నా తప్పు రెండో సంగతిలో ఉంది. బండి కొన్న కొత్తలో అతను నన్ను అడిగాడు, "అన్నా, ఛార్జింగ్ ఎట్లా పెట్టాల?" అని. "ఎప్పుడూ ఫుల్‌లో పెట్టు అబ్బీ. దొరికినప్పుడల్లా ప్లగ్ పెట్టు, ఖాళీగా మాత్రం ఉంచొద్దు" అన్నాను. లెడ్ యాసిడ్‌కు అది వేదవాక్కు. సగం ఛార్జితో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి చస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీలకు వేలసార్లు చెప్పిన మాట, నోటికి అదే వచ్చింది. లిథియంకు ఇది తలకిందులు. ఫుల్‌లో ఉన్నప్పుడు గ్రాఫైట్ నిండా లిథియం కూర్చుని ఉంటుంది, పక్కనున్న ఎలక్ట్రోలైట్‌ను విరగ్గొట్టే ఆకలి అప్పుడే దానికి ఎక్కువ. ఆ స్థితిలో వేడి కూడా తోడైతే పొర వేగంగా కడుతుంది. అతను నా మాట అక్షరాలా పాటించాడు. రాత్రి పదకొండు నుంచి ఆరు దాకా ఫుల్, ఆదివారాలు రోజంతా ఫుల్, కిందటేడు మే నెలలో బెంగళూరులో పెళ్లికి పోయి పన్నెండు రోజులు ప్లగ్ పెట్టిన బండి ఆ రేకుల షెడ్డులో ఫుల్. ఛార్జరు ఆగిపోయింది కదా అంటారు. ఛార్జరు ఆగినా లోపల లిథియం నిండుగానే ఉంటుంది.

ఇది తెలిశాక మిగతా రెండు బండ్ల రోజువారీ వాడకం అడిగాను. "786" ఇంట్లో మీటరు లోడు చాలదు. సాయంత్రం కూలరు, ఫ్యాన్లు, టీవీ నడుస్తుంటే ఛార్జరు పెట్టగానే ఎంసీబీ పడిపోతుంది. అందుకని తెల్లారి నమాజుకు లేచినప్పుడు, ఐదు ప్రాంతంలో ప్లగ్ పెడతాడు. ఎనిమిదిన్నరకు తీసుకుని పోతాడు. బండి రాత్రంతా వేపచెట్టు కింద పాతిక, ముప్పై శాతంతో ఉంటుంది. ప్లగ్ పెట్టే సమయానికి పెట్టె మీద 33 డిగ్రీలు. అదే వేళకు షెడ్డులో ప్యాక్ పెట్టె మీద 38. ఫుల్ అయిన అరగంటకే రోడ్డెక్కుతుంది. బ్యాటరీ బాగుండాలని అతను ఒక్క పనీ చేయలేదు, ఎంసీబీ చేయించింది.

"గండి ఆంజనేయ" రాత్రి ఇంటికి రాగానే ప్లగ్ పెడతాడు, తెల్లారేదాకా ఫుల్‌లోనే ఉంటుంది. కానీ బండి ఉండేది పాత మట్టిమిద్దె వసారాలో, మట్టి కప్పు కింద. మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టడు. అంటే వేడీ నిండుదనమూ కలిసిన బండికి 76, నిండుగా ఉన్నా చల్లటి చోట ఉన్నదానికి 86, రెండూ తప్పించుకున్నదానికి 91. మూడు బండ్లతో సిద్ధాంతాలు కట్టకూడదని తెలుసు. కానీ ఈ వరుస చూశాక నాకు అనుమానం లేదు.

ఇది కడపకే వచ్చిన కష్టం కూడా కాదు. 2012లో అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో నిస్సాన్ లీఫ్ కార్ల యజమానులు ఇదే గోల పెట్టారు, రేంజ్ చూస్తుండగానే తగ్గిపోతోందని. ఆ కారు ప్యాక్‌కు నీళ్లతో చల్లార్చే ఏర్పాటు లేదు. తర్వాత కంపెనీ వేడిని బాగా తట్టుకునే సెల్స్‌కు మారింది. మన ఆటో ప్యాక్‌లు కూడా చాలావరకు గాలి మీదే ఆధారపడతాయి, ఆ గాలే 47 ఉంటే చేసేదేముంది.

ఇక వైద్యం. పోయిన లిథియం తిరిగి రాదు, ఇది ముందే చెప్పేశాను. కొత్త ప్యాక్ ధర విని అతను చాలాసేపు మాట్లాడలేదు. మధ్య నాలుగు సెల్స్ మాత్రం కొత్తవి వేద్దామా అని ఆలోచించి మానుకున్నాను. 82, 85 ఏహెచ్ సెల్స్ మధ్య వందవి పెడితే కొత్తవాటిలో అదనం వృథా, పైగా రెసిస్టెన్స్ తేడాతో బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నింటినీ ఒకే ఛార్జికి తేవడం) తలనొప్పి. బదులుగా చోట్లు మార్చాను: అలసిన నాలుగింటిని రెండు చివర్లకు, చివర్లలో ఉన్నవాటిని మధ్యకు. ఎండలో పనిచేసిన కూలీని నీడకు, నీడలో ఉన్నవాణ్ని ఎండకు మార్చడం లాంటిది. కెపాసిటీ ఒక్క ఏహెచ్ కూడా పెరగదు. ఇకపై బలహీనమైనవి తక్కువ వేడి చూస్తాయి, అంతే. పక్క ప్లేట్లు మళ్లీ బిగించి, సెల్స్ అన్నింటినీ ఫుల్ ఛార్జి దగ్గర సమం చేశాను. బీఎంఎస్ రెండో సెన్సరును చివరి నుంచి తీసి మధ్యలో అతికించి, ఛార్జింగ్ కటాఫ్ 45కు దించాను. మొదటి వారం మధ్యాహ్నాలు ఛార్జింగ్ ఎక్కక అతను ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. అదే నేను కోరుకున్నది.

ఛార్జరు వోల్టేజి 58.4 నుంచి 56.8కి తగ్గించాను. ఇక్కడ ఒక మాట. ఎల్‌ఎఫ్‌పీకి వోల్టేజి గీత బల్లపరుపుగా ఉంటుంది, కాబట్టి వోల్టేజి కాస్త తగ్గిస్తే ఛార్జి ఒకటి, రెండు శాతమే తగ్గుతుంది. దాంతో పెద్దగా ఒరిగేది లేదు. అసలు మందు సమయం. గడియారం లాంటి మెకానికల్ టైమరు, 16 ఆంపియర్లది, షెడ్డు సాకెట్‌కు తగిలించి తెల్లవారుజామున రెండింటికి ఆన్ అయ్యేట్టు పెట్టాం. అప్పటికి ప్యాక్ కొంతైనా ఆరుతుంది. ఐదున్నరకు నిండుతుంది, ఆరింటికి రోడ్డు మీద. మధ్యాహ్నం అవసరమైతే షెడ్డులో కాకుండా వీధి చివర వేపచెట్టు కింద, పక్కింటి ప్లగ్‌తో, గంట మాత్రమే. ఊరికి పోతే సగం ఛార్జితో ప్లగ్ తీసి పోవాలి. రోజూ నింపని వాళ్లైనా రెండు వారాలకోసారి పూర్తిగా నింపాలి, లేకపోతే సెల్స్ సమం కావు, మీటరు లెక్క కూడా దారి తప్పుతుంది.

రేకుకు పైన సున్నం రెండు పూతలు వేయించి, దాని మీద కొబ్బరాకు తడికలు కప్పించాం. వెనక గోడలో పై వరుస ఇటుకలు నాలుగు తీయించాం. జూన్ మొదటి వారంలో, అలాంటి ఎండలోనే, నల్ల టేపు మీద కొలిస్తే 63 కాస్తా 48 అయింది. షెడ్డు గాలి 47 నుంచి 42. మొత్తం ఈ కేసులో అయిన ఖర్చులో ఇదే తక్కువ, ఇదే ఎక్కువ పనిచేసింది.

చేయొద్దని చెప్పినవి కూడా ఉన్నాయి. తడి గోనె సంచి ప్యాక్ మీద కప్పుతానన్నాడు, వద్దన్నాను. కుండకు పనికొచ్చే ఉపాయం కనెక్టర్లలోకి నీళ్లు దించితే కొంప ముంచుతుంది. "పెట్టెకు పక్కన చిల్లులు పెడితే గాలాడుతుంది కదన్నా" అన్నాడు. దుమ్ము, వాన నీళ్లు పోకుండా కట్టిన పెట్టెకు డ్రిల్లు పెట్టకూడదు. ఐస్ గడ్డ మాట కూడా వచ్చింది, నవ్వుకుని వదిలేశాం.

పదకొండు నెలల తర్వాత, ఈ ఏప్రిల్‌లో, మూడింటినీ మళ్లీ అదే గదిలో, అదే కరెంటుతో దించాను. "786" 89, "గండి ఆంజనేయ" 84, "అమ్మ ఆశీస్సులు" 74. అంటే 26 నెలల్లో 24 పోగొట్టుకున్న ప్యాక్ 11 నెలల్లో 2 పోగొట్టుకుంది, మిగతా రెండింటితో సమానంగా. ఈ ఘనత మొత్తం నా టైమరుకు కట్టబెట్టను. ఆ పొర మొదట వేగంగా కట్టి, మందమయ్యేకొద్దీ తనంతట తానే నెమ్మదిస్తుంది. ఏమీ చేయకపోయినా 24 వేగంతో పోయేది కాదు. మే నెల ఎండ కొంత షెడ్డు బాగు చేయకముందే గడిచిపోయింది కూడా. సెల్స్ విడిగా చూస్తే ఇప్పుడు మధ్యకు వచ్చిన పాత చివరి సెల్స్ 83, చివర్లకు పోయిన ఎనిమిది, తొమ్మిది నంబర్లు 74. అంతరం పది నుంచి తొమ్మిదికి వచ్చింది. ఇంకో రెండు ఎండాకాలాలు చూడాలి.

చివర్లో చేసింది చిన్న పని. బీఎంఎస్ సెట్టింగుల్లో ప్యాక్ కెపాసిటీ 100 అని ఉన్నదాన్ని 74 చేశాను. ఇప్పుడు బండి ఆగేటప్పటికి మీటరు సున్నా చూపిస్తుంది. పోయిన వారం టీ కొట్టు దగ్గర కనిపించి, "మీటరు నిజమే చెప్తాంది గానీ అన్నా, శానా తొందరగా చెప్తాంది" అన్నాడు.